చట్టము - గృహిణి: పేరిచ్చుట పూచీపడుటయే

ఈ నెల మాకు వచ్చిన జాబులలో మహబూబాబాదు జిల్లా గార్లనుండి వచ్చినది యొకటి మమ్ము మిక్కిలి యాలోచింపజేసినది. వ్రాసిన సోదరి చిరకాలము ఉపాధ్యాయినిగా పనిచేసి విశ్రాంతి గొన్నవారు. ఆమెయొద్ద నక్షరములు దిద్దిన బాలికలే నేడు తల్లులై, ఊరిలోను చుట్టుపట్ల తండాలలోను పొదుపు సంఘములు నడుపుచున్నారు. ఆమె కోరికపై పేరు ప్రకటింపక, జాబులోని ముఖ్యభాగమును మాత్రము ఇచ్చట నిచ్చుచున్నాము.

“మాకు మరిది వరుసయగు నొక చిన్నవాడు ఒక కంపెనీకి ఏజెంటుగా చేరినాడు. లక్ష రూపాయలు కట్టినవారికి నెలకు 8,000 రూపాయల చొప్పున ఇరువది నెలలు ఇత్తురట. కరపత్రము అచ్చువేయించుచున్నారు. ‘వదినా, మీరు పైసలు పెట్టకున్నా మంచిదే. మీ ఫోటో, మీ పేరు ఇయ్యుండ్రి చాలు. టీచరమ్మ చెప్పిందంటె మనోళ్లు నమ్ముతరు’ అని మూడుమారులు ఇంటికి వచ్చినాడు. కంపెనీ రిజిస్టరు కాగితమును చూపినాడు. నేను సొమ్ము పుచ్చుకొనుట లేదు, ఎచ్చటను సంతకము పెట్టుట లేదు. పేరొక్కటి ఇచ్చినంత మాత్రమున నాకేమైన చిక్కు కలదా? కాదనినచో బంధుత్వము చెడునని ఇంటిలో మాట వచ్చుచున్నది. మిరపకాయలమ్మిన సొమ్ము అందరి చేతులకును వచ్చిన దినములివి. శీఘ్రముగ బదులు వ్రాయుడు.”

సోదరీ! మీ ప్రశ్నకు బదులు ముందే చెప్పెదము. చిక్కు కలదు. ఒకరి సొమ్ము మరియొకరి చేతిలోనికి పోవుటకు మీ మాట కారణమైనప్పుడు, ఆ మాట చెప్పుటకు పూర్వము తగిన విచారణ చేయు భారము మీపై నుండును. అప్పుపత్రముపై జామీను నిలిచినట్లు ఆ సొమ్మంతయు మీరు కట్టవలెనని మేము చెప్పుట లేదు. కాని “పేరేగదా” యను మాట మాత్రము చెల్లదు. మీ మరిది అడుగుచున్నది మీ సొమ్మును గాదు. ముప్పదియేండ్లు పిల్లలకు చదువు చెప్పి మీరు కూడబెట్టిన నమ్మకమును. ఆ నమ్మకమునకే ఆ కంపెనీ దృష్టిలో వెల గలదు.

ముందుగా ఆ లెక్కను చూతము. గృహిణులకు లెక్కలు రావనుట అబద్ధము; నెలకు సరిపడ బియ్యము కొలిచి వాడు చేతికి ఈ లెక్క కష్టము గాదు. లక్షకు నెలకు 8,000 చొప్పున ఇరువది నెలలైనచో 1,60,000 రూపాయలు. బ్యాంకులో లక్షకు ఏడాదికంతకు సుమారు ఆరేడువేల వడ్డీ వచ్చుచుండగా, ఇచ్చట నొక్క నెలలోనే 8,000 చేతబెట్టుదురట! వందమంది స్త్రీలు చేరిరనుకొనుడు. కోటి రూపాయలు పోగగును. నెలకు 8 లక్షలు పంచవలెను. లాభము దెచ్చు వ్యాపారమేదియు లేనిచో పండ్రెండు నెలలకు 96 లక్షలు పోయి, పెట్టెలో 4 లక్షలు మిగులును. పదుమూడవ నెలలో 8 లక్షలు కావలెను. అవి ఎచ్చటివి? క్రొత్తగ చేరినవారివే. వారికి మరల నెలనెల ఇచ్చుటకు మరికొందరు క్రొత్తవారు కావలెను. ఏజెంటు కమీషను, కార్యాలయపు ఖర్చు, యజమాని కారు ఇందులో చేర్చలేదు. చేర్చినచో పెట్టె మరింత ముందుగనే ఖాళీ యగును.

ఇందులో నొక కుతంత్రమున్నది. మొదట చేరినవారికి నెలనెల సొమ్ము నిజముగనే వచ్చును. వారు అబద్ధమాడరు; “మాకు వచ్చినది” అని ఇరుగుపొరుగులకు సంతోషముతో చెప్పుదురు. చివర చేరినవారు మునుగుదురు. చివర చేరువారెవరనగా, దూరపు తండాలవారు, భర్త లేనివారు, పదిమందిని జూచి ధైర్యము తెచ్చుకొన్నవారు. అనగా టీచరమ్మ మాటను నమ్మినవారు.

పేరిచ్చుటవలన కలుగు ననర్థము క్రొత్తది గాదు. గార్ల స్టేషనుకు ప్రక్కనే డోర్నకలు జంక్షనున్నది గదా! అచ్చటనుండి యెల్లందు బొగ్గుగనులకు చీలిపోవు రైలుదారి మీకు తెలియనిది గాదు. ఆ గనుల పుట్టుకయందే ఇట్టి కథ యొకటి కలదు. 1886లో నిజాము ప్రభుత్వము తన రాజ్యమందలి ఖనిజములను త్రవ్వుకొను హక్కును 99 సంవత్సరములకు ఇద్దరు ఆంగ్లేయుల కిచ్చినది. వారు లండనులో హైదరాబాదు దక్కను కంపెనీ యను పేర నొక సంస్థను లేవదీసిరి. మూలధనము పదిలక్షల పౌనులని ప్రకటించిరి గాని, వాటాలలో నత్యధికభాగము రొక్కమేమియు చెల్లింపకయే హక్కుదారుల చేతికి పోయినది. పిమ్మట పది పౌనుల వాటాను పండ్రెండు పౌనుల కిచ్చి నిజాము ప్రభుత్వముచేతనే కొనిపించిరి. కొనుట మంచిదని ప్రభుత్వమునకు చెప్పి కొన్నవాడు ఆ ప్రభుత్వపు ఉన్నతోద్యోగియగు సర్దారు అబ్దుల్ హక్కు. ఆ హక్కుదారుల లాభములో నతనికిని రహస్యముగ పాలున్నదని తరువాత బయటబడినది. 1888లో ఆంగ్ల పార్లమెంటు ఉపసంఘము నొకదానిని నియమించి విచారణ జరిపినది. అతని పదవి పోయినది.

ఆ గనులలో బొగ్గు లేదా? ఉన్నది. నేటికిని సింగరేణి పేరు దేశమంతట తెలిసినదే. కావున తప్పు బొగ్గుది గాదు. తన ప్రభువు మేలును కావలసినవాడే అవతలివారియొద్ద పాలు పుచ్చుకొని “కొనవచ్చును” అని చెప్పుట తప్పు. వస్తువు మంచిదైనను సలహా చెడ్డది కావచ్చును. అందుచేత, “ఇది మంచిదే” అని చెప్పువారిని మొదట నడుగదగిన ప్రశ్న యిది: “ఇందులో మీకేమి వచ్చును?”

ఆ దినములలోనే ఇంగ్లండునందు మరియొక వ్యాజ్యము నడచినది. ప్లిమతు పట్టణమున ట్రాము బండ్లు నడుపు కంపెనీయొకటి వాటాలు కొనుడని ప్రజలకు 1883లో ప్రకటన పత్రమిచ్చినది. గుఱ్ఱములకు బదులు ఆవిరి యంత్రములతో బండ్లు నడుపు హక్కు మాకున్నదని యందులో వ్రాసిరి. నిజమునకు ప్రభుత్వ శాఖవారి సమ్మతి యింకను రాలేదు. వచ్చితీరునని డైరెక్టర్లు నమ్మియుండిరి. అది రాలేదు, కంపెనీ మునిగినది. పత్రమును నమ్మి వాటాలు కొన్న సర్ హెన్రీ పీకు అనునతడు డైరెక్టర్లపై దావా వేసెను. 1889లో ప్రభువుల సభ, వారు మనఃపూర్వకముగ నమ్మి వ్రాసిరి గనుక మోసము కాదని తీర్పు చెప్పినది. లోకమది విని సంతృప్తి చెందలేదు. మరుసటి యేడే, అనగా 1890లో, పార్లమెంటు క్రొత్త చట్టము చేసినది. నమ్మితినని చెప్పిన చాలదు, నమ్ముటకు తగిన ఆధారముండెనని చూపవలయును, చూపలేనిచో నష్టపరిహారమీయవలయును. అదియే దాని సారము.

సోదరీమణులారా! ఈ యొక్క మెట్టును జాగ్రత్తగ గమనింపుడు. “నేను మంచి మనసుతో చెప్పితిని” అనుట వేరు. “నేను విచారించి చెప్పితిని” అనుట వేరు. మన దేశపు 2013 నాటి కంపెనీల చట్టమునందును 34, 35 సెక్షనులు ఈ త్రోవనే నడచుచున్నవి. వాటాలు కొనుడని పిలుచు పత్రములో తప్పుమాట యున్నచో, కంపెనీ లేవదీసినవారు మాత్రమే కాక, డైరెక్టరుగా తమ పేరు వేయుటకు సమ్మతించినవారు, పత్రము వెలువడుటకు అనుమతించినవారు, నిపుణులుగా అభిప్రాయమిచ్చినవారు కూడ ఉత్తరవాదులగుదురు. బ్రిటనులో నేడు ఈ నియమము మరింత గట్టిపడినది. అచ్చటి 2000వ సంవత్సరపు చట్టము ప్రకారము, అనుమతి లేని సంస్థ పెట్టుబడికి పిలుచు ప్రకటన చేయవలెనన్న, సామాన్యముగా అనుమతిగల వేరొక సంస్థ దానిని చదివి ఒప్పుకొనవలెను. ఒప్పుకొనువారు అది స్పష్టమైనదో, న్యాయమైనదో, మోసపుచ్చునదో పరీక్షింపవలెను. 2024 ఫిబ్రవరి 7వ తేదీనుండి, ఇట్లు ఇతరుల ప్రకటనలను ఒప్పుకొను సంస్థలు అందులకు ప్రత్యేకముగ అనుమతి పొందియుండవలెనని కూడ విధించిరి. ఒప్పుకొనుటయే యొక బాధ్యతాయుతమైన పని యని దీని భావము.

పరదేశపు మాటలు చాలును. మన యింటి గాయమును జూతము. 1995లో విజయవాడ కేంద్రముగ మొదలైన అగ్రిగోల్డు వ్యవహారము తెలుగునాట ఎరుగనివారు లేరు. భూమి యిత్తుమని, లేనిచో సొమ్ము పెంచి తిరిగి యిత్తుమని చెప్పి, పలు రాష్ట్రములలో సుమారు 32 లక్షలమందినుండి ఆరువేల కోట్ల రూపాయలకు మించి వసూలు చేసిరి. గడువు తీరినను సొమ్ము రాలేదు. యజమానులు నిర్బంధింపబడిరి, ఆస్తులు జప్తునకు వచ్చినవి, వ్యాజ్యములు ఏండ్ల తరబడి సాగినవి. ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 2019లో పదివేల రూపాయలలోపు కట్టిన చిన్న ఖాతాదారులకు, 2021లో ఇరువదివేలలోపు వారికి తన ఖజానానుండి కొంత సొమ్ము చెల్లించినది. పెద్దమొత్తములు కట్టినవారి కన్నీరు అంత సులభముగ నారలేదు.

ఆ సొమ్మును ఇంటింట వసూలు చేసినవారెవరు? యజమానులు గారు. మేనత్తలు, బాబాయిలు, పొరుగింటి వదినెలు, బడిపంతుళ్లు. వారిలో అనేకులు దుర్మార్గులు గారు. తమ సొమ్మును సైతము అందులోనే పోగొట్టుకొన్నవారు. కంపెనీ కార్యాలయమునకు తాళము పడినప్పుడు జనులు తాళమును అడుగలేదు, ఏజెంటు గడపకు వచ్చిరి. అట్టి యవమానమునకు తాళలేక ప్రాణము దీసికొన్న ఏజెంట్ల వార్తలు ఆ దినములలో పత్రికలలో వచ్చినవి. పేరునకు ఎంత బరువున్నదో ఇంతకంటె వేరుగ చెప్పనక్కరలేదు.

ఇక చట్టము సంగతి. 2019లో మన పార్లమెంటు అనియంత్రిత డిపాజిట్టు పథకములను నిషేధించు చట్టము చేసినది. ప్రభుత్వముగాని, రిజర్వు బ్యాంకు, సెబి వంటి అధికార సంస్థలుగాని కనిపెట్టియుండని పథకములలో ప్రజలనుండి సొమ్ము వసూలు చేయరాదు, వసూలుకై ప్రకటన చేయరాదు. ఆ చట్టములోని 5వ సెక్షను మీకు ముఖ్యము. ఎవ్వరుగాని, ఏ పేరుతో నున్నను, తెలిసి ఇతరులను అట్టి పథకములో చేరుటకు ప్రేరేపింపరాదు. ప్రేరేపించినచో ఒక సంవత్సరమునకు తక్కువ గాకుండ ఐదు సంవత్సరములవరకు చెరసాల, పది లక్షల రూపాయలవరకు జరిమానా. “తెలిసి” యను మాట యందున్నది, నిజమే. కాని మీరు మాకు జాబు వ్రాసినప్పుడే మీ మనసులో సందేహము కలిగినది. సందేహము కలిగినవారు కన్నులు మూసికొని “నాకు తెలియదు” అనుట న్యాయస్థానమునందు ఎంతవరకు నిలుచునో చెప్పలేము; మనస్సాక్షి యెదుట మాత్రము నిలువదు.

అదే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ప్రకటనలను మెచ్చుకొని పేరిచ్చు వారిని గూర్చి 21వ సెక్షనులో చెప్పుచున్నది. తప్పుత్రోవ పట్టించు ప్రకటనను సమర్థించినవారికి పది లక్షలవరకు, మరల మరల చేసినచో ఏబది లక్షలవరకు అపరాధ రుసుము విధింపవచ్చును. ఒక యేడాదివరకు, మరల చేసినచో మూడేండ్లవరకు, అట్లు పేరిచ్చుటనే నిషేధింపవచ్చును. అయితే ఆ మాటలు నిజమో కాదో పరీక్షించుటకు తగిన శ్రద్ధ వహించితినని చూపినవారికి ఆ బాధ లేదు. 2022లో వెలువడిన నియమావళి, ప్రకటనకర్తతో మనకు ఏదైన సంబంధముండి అది చదువరుల నమ్మకమును మార్చునదైనచో దానిని దాచక చెప్పవలెనని విధించినది. సినిమా తారలకేగాదు, టీచరమ్మలకును ఇందులో పాఠమున్నది. మరియు, క్రొత్తవారిని చేర్చినకొలది ముందువారికి సొమ్ము వచ్చు గొలుసు పథకములు 1978నుండియే నిషిద్ధములు.

చట్టము కోరు “తగిన శ్రద్ధ” యన నేమి? మీవంటివారు చేయదగిన విచారణ యిది.

మొదటిది, ఆ రిజిస్టరు కాగితము. కంపెనీ పుట్టినదని చెప్పుటకు అది జన్మపత్రిక వంటిది మాత్రమే. పుట్టిన బిడ్డకు జన్మపత్రిక యున్నంత మాత్రమున బండి తోలుటకు లైసెన్సు వచ్చునా? ప్రజలనుండి సొమ్ము పుచ్చుకొనుటకు వేరుగ అనుమతి కావలెను. జీఎస్టీ సంఖ్య, పాన్ కార్డు, పెద్దలతో దిగిన ఫోటోలు ఇవేవియు నా యనుమతి గావు. ఏజెంట్లు ఎక్కువగ చూపునవి ఇవియే.

రెండవది, ఆ అనుమతి ఎవరిచ్చిరి? డిపాజిట్టులైన రిజర్వు బ్యాంకు, పదిమంది సొమ్మును కలిపి నడుపు పెట్టుబడి పథకములైన సెబి, చీటీలైన 1982 చట్టము ప్రకారము చిట్టుల రిజిస్ట్రారు. చీటీ కట్టుడని ప్రజలను పిలుచు కరపత్రములో, ముందుగా పొందిన ప్రభుత్వానుమతి వివరముండితీరవలెను. కాగితము ఏజెంటు చేతినుండి చూచుట చాలదు. ఆ కార్యాలయమునే యడుగవలెను. రిజర్వు బ్యాంకువారు 2016లో నెలకొల్పిన “సచేత్” అను స్థలమున, సొమ్ము వసూలు చేయుటకు ఏ సంస్థకు అనుమతి గలదో చూచుటకును ఫిర్యాదు చేయుటకును వీలున్నది. మీ పిల్లలు చేతి ఫోనులోనే చూచి చెప్పగలరు.

మూడవది, లాభము దేనినుండి వచ్చును? వ్యాపారమేమో, ఎచ్చట నున్నదో, లెక్కలు తనిఖీ చేసినవారెవరో అడుగుడు. లెక్క తనిఖీయైనదని విన్నంతనే తృప్తి చెందవలదు. 2009 జనవరి 7న హైదరాబాదులో సత్యం కంపెనీ అధ్యక్షుడు, పుస్తకములలో చూపిన 5,040 కోట్ల రూపాయల రొక్కము లేదని తానే వ్రాసి యొప్పుకొన్నప్పుడు, ఆ లెక్కలపై పేరెన్నికగన్న తనిఖీదారుల సంతకములున్నవి. పెద్దపేరు విచారణకు మారు గాదు.

నాలుగవది, మీకేమి వచ్చును? కమీషనుగాని, కానుకగాని, మరిది మెప్పుగాని ఏదైనను వచ్చుచున్నచో అది కరపత్రముపై వ్రాయుటకు మీరు సమ్మతింతురా? సమ్మతింపనిచో అది పుచ్చుకొనదగినది గాదు.

ఐదవది, సొమ్ము పోయినచో ఏమగునో కరపత్రములో నున్నదా? లాభము పెద్దయక్షరములలోను, నష్టము కానరాకయు నున్న కాగితముపై పేరు వేయించుకొనవలదు.

ఈ ఐదింటికి వ్రాతమూలకముగ బదులడుగుడు. మంచి సంస్థ యైనచో కోపగింపదు. “మామీద నమ్మకము లేదా వదినా” అని బదులు వచ్చినచో, మీకు కావలసిన బదులు వచ్చినట్లే.

ఇచ్చట నొక మాట. మీ ఊరి స్త్రీలు తమలో తాము పొదుపు చేసికొని అప్పులిచ్చుకొను స్వయంసహాయ సంఘముల సభ్యత్వపు సొమ్మును, బంధువులయొద్ద చేబదులు తెచ్చుకొను సొమ్మును ఆ 2019 చట్టము నిషేధింపలేదు. భయపడి సంఘమును మూయవలదు. కాని సంఘపు పుస్తకమును, సంఘపు సమావేశమును ఏజెంటు వాడుకొననీయవలదు. సంఘపు పెట్టెపై మీ చేయి యున్నంతకాలము, ఈ విషయమున మీ మౌనము కూడ నొక మాటయే యగును.

ఒకవేళ ఈపాటికే పేరిచ్చియున్నచో? దాచుకొనుట మరింత హాని. నా పేరు, ఫోటో తీసివేయుడని వ్రాసి పంపి ఆ ప్రతిని దాచుకొనుడు. ఏమైన పుచ్చుకొన్నచో తిరిగి యిచ్చి రసీదు తీసికొనుడు. మీ మాటపై చేరినవారిని పిలిచి, నేను విచారింపక చెప్పితిని, ఇక క్రొత్తగ కట్టవలదు, కట్టిన రసీదులు భద్రపరచుడని చెప్పుడు. అవసరమైనచో పోలీసులకు ఫిర్యాదు చేయుడు. డిపాజిట్టుదారుల రక్షణకై ఉమ్మడి రాష్ట్రమున 1999లో చేసిన చట్టము సొమ్మెగవేసిన సంస్థల ఆస్తులను జప్తు చేయుటకు త్రోవ చూపుచున్నది. ఎంత ముందుగ చెప్పిన ఆస్తి అంత మిగులును. వకీలుకు ఇచ్చుకొనలేమని వెనుదీయవలదు. 1987 నాటి న్యాయసేవల చట్టము ప్రకారము స్త్రీలకు, ఆదాయముతో నిమిత్తము లేక, ఉచిత న్యాయసహాయము పొందు హక్కు కలదు. జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడుగవచ్చును. 15100 సంఖ్యకు ఫోను చేయవచ్చును.

చివరకు మిగిలినది బంధుత్వము. మీ జాబులో చట్టముకంటె ఇదియే మిమ్మెక్కువ బాధించుచున్నదని గ్రహించితిమి. ఇంటి కోడలు కాదనుట ఎంత కష్టమో మేమెరుగుదుము. కాని ఆలోచింపుడు. నేడు కాదనినచో మరిదికి నాలుగు దినములు మాటలుండవు. ఔననినచో రేపు ఆ ఊరిలో నతడే తలయెత్తి తిరుగలేడు. కాదనుట యతనిని కూడ కాపాడుటయే. అతనిని కూర్చుండబెట్టి, మంచినీళ్లిచ్చి, పైన మేము వేసిన వందమంది లెక్కను కాగితముపై వేసి చూపుడు. పదుమూడవ నెల దగ్గర ఆగి, “బిడ్డా, ఈ నాలుగు లక్షలు ఎవరు తెత్తురు?” అని యడుగుడు. బదులు చెప్పగలిగినచో ఆ బదులును కాగితముపై వ్రాసి యిమ్మనుడు. చెప్పలేనిచో నతడు కూడ ఏజెంటు గాడు, మోసపోవనున్న మరియొకడు.

మీయొద్ద చదివిన పిల్లలకు మీరు చెప్పియుందురు: చదువక సంతకము పెట్టవలదని. ఆ పాఠమునే ఇప్పుడు రెండవమారు చెప్పవలసి వచ్చినది: విచారింపక పేరీయవలదు. తండాలోని తల్లి యెండలో మిరపకాయలు కోసి తెచ్చుకొన్న రూపాయ ఆమె కూతురి చదువునకో, పెండ్లికో ఉద్దేశింపబడినది. ఆ రూపాయకు కాపలాగ నేడు మీ పేరున్నది. దానిని అట్లే యుండనిండు.